పాత ఇంటితో పాటు వచ్చిన పేరు తెలియని చెట్లని గుర్తుపట్టడం ఎలా?

రెండేళ్ల క్రితం విశాఖపట్నం మాధవధారలో, కొండకి దగ్గరగా ఒక పాత డాబా ఇల్లు కొన్నాం. ఇంటికంటే పెరడే పెద్దది. అమ్మినవాళ్లు తాళాలు, కరెంటు బిల్లులు, లింకు డాక్యుమెంట్లు అన్నీ లెక్కగా అప్పగించారు గానీ, పెరట్లో చెట్ల సంగతి అడిగితే మాత్రం "అవన్నీ మా మావగారు వేసినవండీ, మాకూ సరిగ్గా తెలీదు" అని తేల్చేశారు. లెక్కపెడితే ఇరవై ఏడు. మామిడి, కొబ్బరి, జామ, మందారం లాంటివి ఎవరైనా చెప్తారు. అలాంటివి తొమ్మిది పోగా మిగిలిన పద్దెనిమిదితోనే తలనొప్పి.

మొదటి తప్పు మొదటి నెలలోనే చేశాను. మార్చి నెలాఖరు. వెనక గోడ పక్కన ఒక్క ఆకైనా లేని బూడిదరంగు చెట్టొకటి ఉంది. తుప్పలు కొట్టడానికి వచ్చిన మనిషి "ఇది ఎండిపోనాది బాబూ, కొట్టీమంటారా?" అన్నాడు. కొట్టెయ్యమన్నాను. సాయంత్రం పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి "అయ్యో, పారిజాతం నరికీసినారేటి బాబూ! కార్తీకమాసం పూజలకి ఆ పూలే కదా మాకు" అన్నారు. కిందపడ్డ కొమ్మ తీసి వేళ్ల మధ్య తిప్పితే గుండ్రంగా లేదు, పెన్సిల్‌కి ఉన్నట్టు పలకలున్నాయి, లెక్కపెడితే నాలుగు. పువ్వు, ఆకు ఏమీ లేకపోయినా ఆ చెట్టు తన గుర్తు కొమ్మ మీదే పెట్టుకుని ఉంది, చూడటం నాకు రాలేదంతే. అదృష్టం కొద్దీ వానలు పడగానే మొదలు నుంచి చిగురేసింది.

చెట్టుని గుర్తుపట్టాలంటే పువ్వు పూసేదాకా ఆగాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. తొంభై శాతం పని కొమ్మ, ఆకు, కణుపు చూసే అయిపోతుంది. నేను చేసిన వరసలోనే చెప్తాను.

1. ఏడాది పాటు ఏదీ నరకొద్దు

ఎండిందనిపిస్తే గోటితో సన్న కొమ్మ బెరడు కొంచెం గీకండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. ఒక కొమ్మ గోధుమరంగులో పెళుసుగా ఉన్నా వెంటనే తీర్పు చెప్పొద్దు, ఇంకో రెండు కొమ్మలు, కాండం మొదలు కూడా గీకి చూడండి. ఎండాకాలంలో ఆకు రాల్చి మోడులా నిలబడటం మన ప్రాంతపు చెట్లకి మామూలే. రేల చెట్టు ఇంచుమించు బోసిగా అయ్యాకే ఒళ్లంతా పసుపు గుత్తులు వేస్తుంది, దేవగన్నేరు అయితే పొడి నెలల్లో జింక కొమ్ముల్లా మిగులుతుంది.

దీనికి మినహాయింపులు రెండు. కరెంటు తీగలకి తగులుతున్న కొమ్మ ఒకటి, గోడ పగుల్లోనో సన్‌షేడ్ మీదో మొలిచిన రావి, మర్రి, జువ్వి పిల్ల ఇంకొకటి. గోడ మీది రావి మొక్కని జానెడు ఉన్నప్పుడే వేరుతో సహా పీకెయ్యాలి. మనసొప్పకపోతే తీసి కుండీలో పెట్టండి, గోడలో మాత్రం వదలొద్దు. పెద్ద చెట్టు ఏదైనా కొట్టాలనుకుంటే మాత్రం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉందని గుర్తుంచుకోండి. మన స్థలంలో ఉన్న చెట్టే అయినా అనుమతి అవసరం పడొచ్చు. ముఖ్యంగా టేకు, గంధం లాంటివేమో అన్న అనుమానం ఉంటే అటవీ శాఖవాళ్లని అడక్కుండా గొడ్డలి ఎత్తకండి.

2. పేరు తర్వాత, ముందు ప్రమాదం సంగతి

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని మొదటి రోజే చెయ్యాలి. పాత పెరళ్లలో పూజ పూల కోసం వేసిన మొక్కల్లోనే విషం ఎక్కువ, ఇది చాలామందికి తట్టదు.

గన్నేరు: సన్నని పొడుగు ఆకులు, చాలావరకు కణుపుకి మూడేసి. పచ్చగన్నేరు: ఇంకా సన్నగా, మెరుస్తూ ఉండే ఆకులు కొమ్మ చుట్టూ ఒక్కొక్కటిగా, తుంచితే తెల్లని పాలు, పసుపు గంట పూలు, మూలలు తేలిన ఆకుపచ్చ కాయ. రెండింట్లోనూ ఉన్నది గుండె మీద పనిచేసే విషమే, పచ్చగన్నేరు గింజలు మరీ ప్రమాదం. వీటి పుల్లలు ఎండబెట్టి పొయ్యిలోకి వాడొద్దు, పొగ కూడా మంచిది కాదు. ఉమ్మెత్త కాయలు, ఆముదం గింజలు, కంచె మీద పాకే గురివింద తీగ ఎర్ర గింజలు కూడా ఈ జాబితాలోవే. గురివింద అందంగా ఉంటుంది కాబట్టి పిల్లలు ఏరుకుంటారు, అదే భయం. జిల్లేడు పాలు, జెముడు పాలు కంట్లో పడితే వెంటనే నీళ్లతో చాలాసేపు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తీగల మధ్య సన్నటి నూగుతో, వంకర తిరిగిన చిక్కుడుకాయల్లాంటివి కనిపిస్తే చెయ్యి పెట్టొద్దు, అది దూలగొండి అయ్యుండొచ్చు. దాని దురద ఒకసారి అంటుకున్నవాడు జన్మలో మరిచిపోడు.

ఇంకొకటి, ఏ ఆకూ కాయా నోట్లో పెట్టి రుచి చూసి గుర్తుపట్టకండి. మా తాతగారు అలాగే చేసేవారు గానీ, ఆయనకి తెలిసిన చెట్లు వేరు. పిల్లలెవరైనా ఏదైనా మింగారని అనుమానం వస్తే 108కి ఫోన్ చెయ్యండి, ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆ మొక్క రెమ్మ, కాయ కూడా పట్టుకెళ్లండి. అక్కడ ఉపయోగపడతాయి.

3. నంబర్లు వేసి, ఎవరు వేసిన చెట్టో ఆలోచించండి

ఒక తెల్లకాగితం మీద పెరడు గీసి, ప్రతి చెట్టుకీ ఒక నంబరు. అడుగులతో కొలిస్తే చాలు, టేపు అక్కర్లేదు. దీనివల్ల లాభం ఏంటంటే, గీస్తున్నప్పుడే చెట్టు అక్కడికి ఎలా వచ్చిందో కనిపిస్తుంది. వరసగా, సమాన దూరంలో ఉన్నాయంటే మనిషి వేసినవి. అంటే అవి నర్సరీలో దొరికే మొక్కలై ఉండాలి, మనవైపు నర్సరీలకి సరుకు చాలావరకు కడియం నుంచే వస్తుంది కాబట్టి వెతకాల్సిన జాబితా బాగా తగ్గిపోతుంది. బావి దగ్గరో తులసికోట పక్కనో ఉంటే పూజ కోసమో వంట కోసమో వేసినవి. గోడ వారగా, కరెంటు తీగ కిందగా, ఇంకో చెట్టు మొదట్లో ఇరుక్కుని ఉంటే పక్షి వేసింది. వేప, రావి, నేరేడు ఇలాగే వస్తాయి. నరమామిడి గింజలు, బాదం కాయలు రాత్రిపూట గబ్బిలాలు తెచ్చి పడేస్తాయి.

విశాఖలో వయసు లెక్కకి ఒక గుర్తు ఉంది, హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న ఊరంతా చెట్లు కూలిపోయాయి కదా. నడిమికి విరిగి, అక్కడ నుంచి నాలుగైదు కొత్త కాండాలు పైకి లేచిన చెట్టుంటే అది తుఫానుకి ముందుది అయ్యుంటుంది. నిటారుగా, నున్నగా, ఒకే ఈడులో ఉన్నవి తర్వాత వేసినవి కావచ్చు. ఆ తర్వాత రోడ్ల పక్కన బాగా నాటినవాటిలో ఏడాకుల పాల చెట్టు ఒకటి. అక్టోబరు, నవంబరు రాత్రుల్లో ఘాటు వాసన కొట్టి, కొందరికి తలనొప్పి తెప్పించేది అదే. కణుపు చుట్టూ గొడుగు ఊచల్లా ఏడేసి ఆకులు, తుంచితే పాలు. ఏడే ఉండాలని లేదు, ఐదూ ఆరూ కూడా ఉంటాయి, లెక్క తప్పిందని కంగారుపడకండి.

4. కొమ్మ చదవడం

అసలు పని ఇదే, దీనికి తొందర పనికిరాదు. ప్రతి చెట్టు నుంచి మూరెడు కొమ్మ, ఎండ తగిలే వైపుది, ముదురు ఆకులతో ఉన్నది తీసుకోండి. మొదట్లోంచి వచ్చే పిలకల ఆకులు వద్దు. నరికిన మొద్దు మీద వచ్చే ఆకులు అసలు ఆకుకంటే రెండింతలు ఉండి మోసం చేస్తాయి. సముద్రం వైపు ఉన్న ఇళ్లలో ఉప్పుగాలికి అంచులు మాడిన ఆకులుంటాయి, అవీ వదిలెయ్యండి.

మొదట తేల్చుకోవాల్సింది: ఒక ఆకు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోంది? నవ్వకండి, అందరూ తప్పేది ఇక్కడే. వంటింట్లోంచి ఒక కరివేపాకు రెమ్మ తెచ్చుకోండి. దాని మీద పదిహేనో ఇరవయ్యో ఆకులున్నాయని మనం అంటాం. వృక్షశాస్త్రం లెక్కలో ఆ రెమ్మ మొత్తం కలిపి ఒక్కటే ఆకు. రుజువు కావాలంటే చెట్టు దగ్గరికే వెళ్లండి. రెమ్మ కొమ్మకి అతుక్కున్న చోట, ఆ మూలలో, చిన్న మొగ్గ ఉంటుంది. రేపు కొత్త కొమ్మ వచ్చేది అక్కడి నుంచే. రెమ్మ మీద ఉన్న చిన్న ఆకుల మూలల్లో అలాంటి మొగ్గ ఉండదు. మొగ్గ ఎక్కడుంటే ఆకు అక్కడ మొదలైనట్టు. ఈ ఒక్క సంగతి చేతికొస్తే వేప, కానుగ, మునగ, కుంకుడు, తురాయి ఇవన్నీ 'రెమ్మ ఆకుల' వర్గంలోకి వెళ్లిపోతాయి, మామిడి, పనస, పొగడ ఒంటి ఆకుల వర్గంలో మిగులుతాయి. సగం పని అక్కడికే అయిపోయింది.

రెండోది, ఆకులు కొమ్మ మీద ఎలా కూర్చున్నాయి. ఎదురెదురుగా జంటలుగానా, ఒకటి ఇటు ఒకటి అటు విడివిడిగానా, కణుపు చుట్టూ గుంపుగానా? జామ, నేరేడు, పొన్న, నందివర్ధనం, టేకు, పారిజాతం, గోరింట ఎదురెదురు. మామిడి, పనస, పొగడ, సంపెంగ, మందారం విడివిడి. పొన్న, పొగడ పేర్లు కలిపేసి మాట్లాడతారు గానీ ఈ తేడాతోనే విడిపోతాయి. పైగా పొన్న ఆకులో ఈనెలు దువ్వెన పళ్లలా దగ్గరదగ్గరగా, తిన్నగా ఉంటాయి, పొగడ ఆకు అంచు కొంచెం అలలు తిరుగుతుంది.

మూడోది, తుంచండి. పాలు వచ్చాయా? పనస, సపోటా, మర్రి, మేడి, నందివర్ధనం, దేవగన్నేరు అన్నిటికీ పాలుంటాయి కాబట్టి పాలు ఒక్కటే చూసి ఏ చెట్టో చెప్పలేం, కానీ పాలతో పాటు ఆకుల అమరిక కలిపి చూస్తే దారి దొరుకుతుంది. పాలు, ఎదురెదురు ఆకులు, తెల్ల పూలు ఉంటే నందివర్ధనం. పాలు, కొమ్మ కొసల్లో గుంపుగా ఒంటి ఆకులు ఉంటే సపోటా అయ్యుండొచ్చు. పాలు, బొటనవేలంత లావు మొద్దు కొమ్మలు, ఆకు అంచు వెంబడి తిరిగే ఈనె ఉంటే దేవగన్నేరు. పాలు అంటిన చేత్తో మాత్రం కళ్లు నులుముకోవద్దు.

నాలుగోది, నలిపి వాసన చూడండి, ఆకుని వెలుతురుకి ఎత్తి చూడండి. నిమ్మ, మారేడు, వెలగ, కరివేప ఆకుల్ని ఎండకి పట్టుకుంటే సూదితో పొడిచినట్టు వెలుగు చుక్కలు కనిపిస్తాయి, అవి నూనె సంచులు. జామ, నేరేడులో కూడా ఉంటాయి గానీ అవి ఎదురెదురు ఆకుల చెట్లు కదా, కలిసిపోవు. మామిడి లేతాకు నలిపితే పచ్చిమామిడి వాసన. టేకు లేతాకు వేళ్ల మధ్య రుద్దితే ఎర్రగా మరక అంటుతుంది, మా అబ్బాయికి ఈ పరీక్ష బాగా నచ్చి చొక్కా పాడుచేసుకున్నాడు. పారిజాతం ఆకు గరుకు కాగితంలా ఉంటుంది.

5. జంటల దగ్గర జాగ్రత్త

ఒకే పేరు పంచుకునే చెట్లతో వచ్చే తిప్పలు వేరు. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్లగన్నేరు, నిద్రగన్నేరు, పేర్లు చూస్తే అన్నదమ్ముల పిల్లల్లా ఉన్నాయి. మొదటి నాలుగూ నిజంగానే ఒకే కుటుంబం. నిద్రగన్నేరు మాత్రం చింత, తుమ్మల వైపు బంధువు, సాయంత్రానికి ఆకులు ముడుచుకుంటుంది. అందుకే పేరు దొరికాక శాస్త్రీయ నామం కూడా పక్కన రాసి పెట్టుకోమంటాను. గన్నేరు నెరియం ఒలియాండర్, పచ్చగన్నేరు కాస్కబెలా థెవీటియా అని రాసుకుంటే ఇక గందరగోళం ఉండదు.

వేపలు: వేప రెమ్మ ఒకే వరస, చిన్న ఆకులు కొడవలి వంపుతో, రంపపు అంచుతో, మొదలు దగ్గర ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ. తురకవేప రెమ్మ మళ్లీ రెమ్మలుగా చీలుతుంది. కరివేప వాసన చెప్పక్కర్లేదు, అది అసలు నిమ్మ కుటుంబానిది.

'అశోక చెట్టు' అని మన కాలనీల్లో ప్రహరీ వెంబడి స్తంభాల్లా పెంచేది నరమామిడి. అసలు అశోకకి రెమ్మ ఆకులు, లేత చిగుళ్లు వాడిపోయినట్టు వేలాడతాయి, నారింజ పూలు కొమ్మల మీదే గుత్తులుగా వస్తాయి. మారేడుకి మూడాకుల రెమ్మ, ముళ్లు. వెలగకీ ముళ్లుంటాయి గానీ ఐదో ఏడో చిన్న ఆకులు, రెమ్మ కాడకి సన్నటి రెక్క. జమ్మి అనుకుని దసరాకి మొక్కినది సర్కారు తుమ్మ కావడం కూడా చూశాను, పేరు చెప్పను, మా వాళ్లే. తురాయికీ పసుపు పూల కొండచింతకీ పువ్వు లేనప్పుడు తేడా తెలియకపోతే చిగురు చూడండి. కొండచింత చిగురు మీద తుప్పురంగు నూగు ఉంటుంది, కాయలు పొట్టిగా, రాగిరంగులో. తురాయి కాయ చెక్క కత్తిలా మూరెడు వేలాడుతుంది. సరుగుడు సంగతి ఒక్క మాటలో: సూదుల్లా ఉన్నవి ఆకులు కావు, సన్నని కొమ్మలు. కణుపుల దగ్గర లాగితే ఊడి వస్తాయి.

6. ఫోన్ యాప్‌లు: సాక్షులే, జడ్జీలు కావు

గూగుల్ లెన్స్, ప్లాంట్‌నెట్, ఐనేచురలిస్ట్ మూడూ వాడాను. బాగానే పనిచేస్తాయి, ఫొటో సరిగ్గా ఇస్తే. దూరంగా నిలబడి పచ్చటి గుబురు ఫొటో తీస్తే అవి కూడా గుబురు సమాధానమే ఇస్తాయి. తెల్లకాగితం మీద కొమ్మ పెట్టి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి, ఆకు పైవైపు, అడుగువైపు, కణుపు దగ్గర నుంచి, బెరడు, కాయ ఉంటే కోసి లోపల. ఒక్కొక్కదానికీ ఐదారు ఫొటోలు. యాప్ చెప్పిన మొదటి మూడు పేర్లు రాసుకుని, ఒక్కొక్క పేరుకీ మీ కొమ్మ లెక్కలు సరిపోతున్నాయో లేదో చూడండి. మా పదకొండో నంబరుని ఒక యాప్ నేరేడు అంది. నేరేడు ఆకులు ఎదురెదురు, మాది విడివిడి, తుంచితే సన్నగా పాలు. మళ్లీ వెతికితే పొగడ అని తేలింది. వానాకాలంలో పొద్దున్నే కింద చక్రాల్లాంటి చిన్న పూలు రాలి కనిపించాక ఇంకెవరినీ అడగక్కర్లేకపోయింది.

తినే విషయంలోనూ మందు విషయంలోనూ మాత్రం యాప్ మాట నమ్మి ముందుకెళ్లొద్దు.

7. మనుషులని, పురుగులని, పండగలని అడగండి

పక్కింటి పిన్నిగారిని నేను మొదటి రోజే అడిగుండాల్సింది. పాత పెరడు గురించి ఇరుగుపొరుగుకి తెలిసినంత అమ్మినవాళ్లకి తెలీదు, ఎందుకంటే పూలు కోసుకున్నదీ కాయలు రాలగొట్టిందీ వాళ్లే. ఊరికే పేరు అడక్కండి, "ఇది ఏ నెలలో పూస్తుంది? కాయ తింటారా? ఆకు దేనికైనా వాడేవారా?" అని అడగండి. పేరు మర్చిపోయినవాళ్లకి కూడా వాడకం గుర్తుంటుంది.

వినాయక చవితి పత్రి మన ఇళ్లలో ఏడాదికోసారి జరిగే వృక్షశాస్త్రం పరీక్ష. మాచీపత్రి, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, గన్నేరు, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు, ఇలా ఇరవై ఒకటి. ఆ వారం పూర్ణా మార్కెట్‌కి వెళ్లి, పత్రి అమ్మేవాళ్ల దగ్గర ఒక్కొక్కటీ విడిగా పేరుతో అడిగి తెచ్చుకోండి. కట్టగా కొంటే అందులో ఏ ఆకు పడితే ఆ ఆకు ఉంటుంది. మా పదహారో నంబరు పొద, ఐదు వేళ్ల చేయిలాంటి ఆకు, అడుగువైపు తెల్లగా, నలిపితే ఘాటు వాసన, అలా పక్కన పెట్టి చూస్తేనే వావిలి అని తేలింది.

పురుగులు కూడా మంచి సాక్షులు. పక్షిరెట్టలా ఉండే చిన్న గొంగళిపురుగులు కనిపించాయంటే అది నిమ్మ, కరివేప, మారేడు వైపు బంధువు అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నిమ్మ సీతాకోకచిలుక ఆ కుటుంబం మీదే గుడ్లు పెడుతుంది. గన్నేరు ఆకుల కింద బంగారు పూత పూసినట్టు మెరిసే గూడు వేలాడుతుంటే కొట్టెయ్యకండి, అదీ ఒక సీతాకోకచిలుకదే.

ఎంతకీ తేలనివి మిగిలితే, పేర్లతో పెంచిన చెట్లు చూడటానికి పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో ఉన్న జీవవైవిధ్య పార్కు మంచి చోటు. చేతిలో కొమ్మతో వెళ్లి పోల్చుకోవచ్చు. కొండ మీంచి వచ్చిన అడవి చెట్టులా ఉంటే కంబాలకొండ నడకదారిలో దాని చుట్టాలు కనిపించొచ్చు. ఆంధ్రా యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగం ఎలాగూ ఉంది, కానీ అక్కడికి వట్టి ఫొటోతో కాకుండా ఎండబెట్టిన నమూనాతో వెళ్తే మాట్లాడటం సులువవుతుంది.

8. నమూనా ఎండబెట్టడం, బిళ్ల కట్టడం

పాత పేపర్ల మధ్య మూరెడు కొమ్మ పరిచి, ఒక ఆకు తిరగేసి అడుగు కనిపించేలా పెట్టి, పైన బరువు పెట్టాలి. పుస్తకాల్లో వారం వదిలెయ్యమంటారు గానీ విశాఖ ఉక్కపోతలో అలా వదిలితే మూడో రోజుకే బూజు. మొదటి వారం రోజూ పేపరు మార్చాలి. నంబరు, తేదీ, చెట్టు ఎత్తు, పాలు, వాసన, పూల రంగు అప్పుడే రాసెయ్యండి. ఎండాక రంగూ వాసనా మిగలవు.

పేరు ఖాయమయ్యాక కూల్‌డ్రింక్ డబ్బా రేకు చిన్న ముక్కలుగా కోసి, అంచులు మడిచి, దాని మీద రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే అచ్చు పడుతుంది. వానకీ ఎండకీ చెరగదు. తీగతో కాండానికి కట్టేటప్పుడు మాత్రం రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచి, ఏటా ఒకసారి చూడండి. మా సపోటాకి బిగించి కట్టాను, ఏడాది తిరిగేసరికి తీగ బెరడులోకి దిగిపోయి కత్తెరతో తియ్యాల్సి వచ్చింది.